పొడి తాడు, తడి తాడు

చేవెళ్ల దవాఖాన నుంచి ఫోన్ వచ్చేసరికి నేను పళ్లు తోముకుంటున్నాను. కాక కోడలు. "వదినె, మామ పోయిండు" అంది. తర్వాత ఆమే, తన దగ్గరున్న నా వస్తువేదో అప్పజెబుతున్నట్టు, "నిన్న పొద్దుమీకి నీ గురించే అడిగిండు. ఈ ఐతారం ఆడ ఎవరన్న దుంకుతున్నరా అని రెండుసార్లు అడిగిండు. జ్వరంల ఏదో అంటుండనుకున్నం" అంది. నేనూ అలాగే అనుకున్నాను.

ఆయన నాకు రక్తబంధువు కాదు. సురంగల్‌లో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేవాడు, ఊరి వరసలో కాక, అంటే బాబాయి. చుట్టుపక్కల ఏ బావిలో ఎవరు పడ్డా ముందు ఆయనకే కబురొచ్చేది. బతికున్నవాళ్లకు ఈత నేర్పేవాడు, బతకనివాళ్లను పైకి తెచ్చేవాడు. మొదటి పని గురించి ఎంతసేపైనా మాట్లాడేవాడు. రెండో పని చేసి వచ్చిన రోజు ఇంట్లోకి రాకుండా అరుగు మీదే కూర్చునేవాడు, పిలిచినా పలికేవాడు కాదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు వీపుకు ఖాళీ నూనె డబ్బా కట్టి మా పొలం బావిలోకి దింపాడు. ఆడపిల్లకు ఈతెందుకని అమ్మ గట్టు మీద నిలబడి గొడవ. కాక నీళ్లలోంచే జవాబిచ్చాడు. "నీళ్లకు ఆడ, మగ తెల్వది వదినె. ముంచేటప్పుడు అవి అడుగయి." మా ఊళ్లో నా వయసు ఆడవాళ్లలో ఈత వచ్చింది నాకొక్కదానికే. ఇవాళ నేను తింటున్న తిండి ఆ డబ్బాతో మొదలైందే.

ఈత సరే, దుంకుడుకు మాత్రం ఆయన అంత తేలిగ్గా ఒప్పుకునేవాడు కాదు. ముందు తాను దిగేవాడు, చేతిలో తాడుకు కట్టిన రాయి. మునిగి, రాయిని అడుగున పెట్టి, కాళ్లతో అడుగంతా తడిమి పైకి తేలేవాడు. తేలగానే నోటితో 'ఉఫ్' అని ఒక పొడుగాటి ఊపిరి. అది బావి గోడలకు తగిలి మాకు రెండుసార్లు వినిపించేది. గట్టు మీద రెండో కొస పట్టుకున్నవాళ్లం తాడు బిగలాగి, వేలితో గుర్తు పెట్టి, పైకి లాగేవాళ్లం. అప్పుడు రెండు చేతులూ చాపి బారల లెక్కన కొలిచేవాడు, నీళ్ల పైన పొడి ఎంత, నీళ్లలో తడి ఎంత అని. పొడిలో సగానికి తడి తగ్గితే ఆ రోజు ఎవరూ దుంకకూడదు, వచ్చినవాడు సర్పంచ్ కొడుకైనా సరే. "పొడి తాడు నీ గుండెను అడుగుతది. తడి తాడు నీ పానాన్ని అడుగుతది" అనేవాడు.

ఈ పట్టుదల ఎక్కడిదో పెద్దయ్యాక అమ్మ చెప్పింది. కాక తమ్ముడు ఒక ఎండాకాలం, ముందురోజు దుంకిన రాయి మీది నుంచే పొద్దున మళ్లీ దుంకాడు. ఆ మధ్యలో పొలాలకు కరెంటు వచ్చింది, మోటరు తెల్లవార్లూ నడిచి నీళ్లు తోడేసింది. పైనుంచి చూస్తే నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఆ తర్వాత అతను ఆరేళ్లు మంచంలోనే బతికాడు. స్నానం, తిండి, అన్నీ కాకే చూశాడు. ఆ ఆరేళ్ల గురించి ఆయన నోట నేను ఒక్క మాట వినలేదు.

ఇప్పుడు నేను అజీజ్‌నగర్ దగ్గర ఒక రిసార్టులో సాహస క్రీడల ఇన్‌చార్జిని. తోట వెనక పాత కంకర క్వారీ ఉంది, నిండా నీళ్లు. దాని అంచున ఓనర్ సార్ ఇనుప వేదిక కట్టించాడు. పట్నం నుంచి వచ్చినవాళ్లు ఆదివారాలు అక్కడి నుంచి దుంకుతారు, కింద పడవలో మా మనిషి సిద్ధంగా ఉంటాడు. మొదట్లో ప్రతి శనివారం కాక వచ్చి, దిగి, కొలిచి, సరేనంటేనే మరునాడు వేదిక గేటు తీసేదాన్ని.

అయితే ఆయనకు డెబ్బై దాటాయి. నీళ్లలోంచి వచ్చాక దగ్గు ఆగేది కాదు. ఆయన్ని ఇంక నీళ్లలో దిగనివ్వకూడదని నేను నిశ్చయించుకున్నాను. అందుకే లేజరుతో దూరం కొలిచే మిషన్ కోసం వెతికాను. నా లెక్క చాలా సులువు. వేదిక నుంచి అడుగు దాకా ఎంతో ఒక్కసారి కొలిచి పెట్టుకుంటే చాలు. ఆ తర్వాత వేదిక నుంచి నీటి మట్టం దాకా ఎంతో వారం వారం మిషన్ చెబుతుంది. మొత్తంలోంచి అది తీసేస్తే లోతు వస్తుంది. మనిషి తడవక్కర్లేదు.

మూడు మిషన్లు తెప్పించి చూశాను. మొదటిది మొయినాబాద్ హార్డ్‌వేర్ షాపులో దొరికింది, గదుల గోడలు కొలిచేది. ఎండలో దాని ఎర్ర చుక్క ఎక్కడ పడిందో కనిపించలేదు. రెండోది గోల్ఫ్ ఆడేవాళ్లది. నేను నీళ్ల వైపు పెడితే అది అవతలి గట్టు మీది వేపచెట్టు దూరం చెప్పింది. మూడోది అడవుల్లో చెట్ల ఎత్తు కొలిచేవాళ్లు వాడేది, ఏటవాలుగా చూసినా నిలువు ఎత్తు విడిగా లెక్కగట్టి చూపిస్తుంది. అదీ నీళ్ల మీద తడబడింది. ఒకసారి ఒక అంకె, ఇంకోసారి ఉత్త గీతలు. నేను విసుక్కుంటుంటే కాక లేచి క్యాంటీన్‌లోకి వెళ్లి ఒక విస్తరాకు తెచ్చి నీళ్ల మీదికి వదిలాడు. "నీళ్లు దానికి కనవడ్తలేవు పాపం. ఆకు మీద పెట్టి చూడు."

చూశాను. ఎనిమిది మీటర్ల ఇరవై. కాక తాడు, పొడి నాలుగున్నర బారలంది. ఫోన్‌లో లెక్కేసి రెండూ ఒకటేనని చెబితే ఆయన మిషన్ను రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది అబద్ధమాడది. గిదే కొను. బారలల్ల చెప్పదా?"

"చెప్పదు కాక."

"పట్నపుది" అన్నాడు, నవ్వి.

ఆ రోజు ఆఖరిసారిగా దిగి మొత్తం కొలిచిపెట్టాడు. ఏడు బారలు. పైకి వచ్చి తల తుడుచుకుంటుంటే చెప్పాను, ఇంక నువ్వు దిగొద్దు కాక అని.

"లెక్క నిజమే బిడ్డా. గని అడుగు గట్లనే ఉంటదని ఎవరు చెప్పిన్రు?"

"బండరాయి కాక. అది యాడికి పోతది?"

ఆయన క్వారీ గోడల వైపు చాలాసేపు చూశాడు. వానకు నాని, పగుళ్లు బారి, ఎప్పుడు ఏ పెళ్ల ఊడుతుందో తెలియని గోడలు. నేను రోజూ చూసేవే, అయినా నా కంటికి ఆనలేదు. "సరే" అన్నాడు. అంత తేలిగ్గా సరే అనే మనిషి కాదు కాక. నేను గెలిచాననుకున్నాను.

వానాకాలం పోయింది, చలి వచ్చింది. ప్రతి శనివారం మధ్యాహ్నం నేను మిషన్ పెట్టి, తీసివేత చేసి, పుస్తకంలో రాసి, సంతకం పెట్టేదాన్ని. నా పద్ధతి చూసి నేనే మురిసిపోయాను. కాక దగ్గు మాత్రం తగ్గలేదు. ఊరికి వెళ్లినప్పుడు తిట్టాను కూడా. "బీడీలు మానమంటే మానవు. నీళ్లల్ల దిగుడు బందు చేపిచ్చినా ఈ దగ్గేంది?" ఆయన తల వంచుకుని నవ్వాడు. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నాకు అన్నం సహించదు. తర్వాత నిమ్ము చేసింది, దవాఖానలో పడేశారు, పదో రోజున ఫోన్ వచ్చింది.

ఆ ఆదివారం నేను గేటు తీయలేదు. ఆ తర్వాతి ఆదివారమూ తీయలేదు. నాకు ఏడుపు తొందరగా రాదు, కోపమే వస్తుంది. ఆ కోపంతోనే పనిలోకి వచ్చాను. మిషన్ తీసుకుని వేదిక ఎక్కాను. బటన్ మీద వేలు పెట్టగానే వెనక నుంచి 'ఉఫ్' అని వినిపించింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. పక్షి అనుకున్నాను. మళ్లీ వేలు పెట్టాను, మళ్లీ వినిపించింది, ఈసారి రెండుసార్లు, బావి గోడలకు తగిలినట్టు. నేను దయ్యాలను నమ్మేదాన్ని కాను. కానీ ఆ రోజు కొలవకుండానే మెట్లు దిగి వచ్చేశాను. మర్నాడు కూడా అంతే. మూడో రోజు నుంచి వేదిక ఎక్కడమే మానేశాను.

ఓనర్ సార్ పిలిపించాడు. "ముసలాయన పోయిండు, పాపం, బాధనే. గని మిషన్ మంచిగనే ఉన్నది గద? ఈ ఐతారం బుకింగ్ అయింది, పన్నెండు మంది. ఓపెన్ చెయ్యున్రి."

శనివారం పొద్దున తాళం చెవి కోసం వాచ్‌మన్ దగ్గరికి వెళ్లాను. అతను చెవి ఇవ్వకుండా చేతిలోనే తిప్పుతూ నిలబడ్డాడు.

"మీకు చెప్పొద్దన్నడు మేడం. ఒట్టు పెట్టిపిచ్చుకున్నడు. శనివారం శనివారం పొద్దుగాల్ల వస్తుండె. దిగుతుండె."

"ఎప్పటి సంది?"

"వానలు మొదలైన కాడి నుంచి. చలిల గూడ ఆగలే. దిగి ఏం చేస్తుండెనో నాకు తెల్వది. మునుగుతుండె, తేలుతుండె, మల్ల మునుగుతుండె. చానా సేపు."

ఆయన్ని నీళ్ల నుంచి తప్పించాలనే కదా నేను ఆ మిషన్ కొన్నది. చూస్తే, తాడు పట్టుకోవడానికి తోడు ఒక మనిషి కూడా లేకుండా చేశాను. బట్టలు మార్చుకుని, ఈత కళ్లద్దాలు పెట్టుకుని మెట్ల మీదుగా నీళ్లలోకి దిగాను. చలికి దవడలు బిగుసుకుపోయాయి. నేను ఊపిరి బిగబట్టి వేదిక కిందికి మునిగాను.

అడుగున వెలుతురు పచ్చగా, మసకగా ఉంది. మొదటిసారి చేతులతో తడిమి పైకి వచ్చేశాను. రెండోసారి కళ్లు తెరిచి చూశాను. వేదికకు సరిగ్గా కింద, ఒక పెద్ద గది అంత మేర, ఒక్క రాయి లేదు. దాని చుట్టూ గోడలోంచి ఊడిపడిన పెళ్లలు, ఒక్కొక్కటి కుంచమంత, బిందెంత, వరసగా పేర్చి ఉన్నాయి. పెద్దవాటి సందుల్లో చిన్నవి దోపి, మా పొలాల హద్దుకు గెట్టు రాళ్లు పేర్చినట్టే. ఆ వరస మూడు వైపులా పూర్తయింది. నాలుగో వైపు సగం దాకా వచ్చింది.

అక్కడ ఒక రాయి వరసకు చేరకుండా విడిగా ఉంది. మధ్యలోంచి దాని దాకా, ఒండ్రులో, ఈడ్చుకొచ్చిన చార ఇంకా పూడుకుపోలేదు. వరస ఇంకా రెండు బారల దూరం ఉంది. నేను కాళ్లు అడుగున తన్నిపెట్టి, రెండు చేతులూ దాని మీద వేసి, బలమంతా పెట్టి నెట్టాను. జానెడు కదిలింది. అంతలోనే నాకు ఊపిరి అయిపోయింది.