ఏసీ గదిలో భీమిలి అల

అది 1985 వేసవి. హార్బరు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో, మేనేజరు గదికి ఏసీ బిగించాను. నా చేత్తో బిగించిన మొదటి ఏసీ అదే. "ఓ గంట నడిపి చూడవయ్యా" అని ఆయన భోజనానికి వెళ్లారు. ఆ చల్లదనానికి గోడకు చేరగిలబడి నిద్రపోయాను. కలలో మా భీమిలి ఒడ్డున నిలబడ్డాను. చిన్న అల వచ్చి పాదాలు తడిపింది. ఎంత హాయో!

"ఏటి బావా, సముద్రాన్ని గదిలోకి తెచ్చీసినావు!" ప్యూను అప్పన్న కేకకు కళ్లు తెరిచాను. ఏసీ నీళ్లు బయటికి పోయే పైపుకి వాలు లోపలికి ఇచ్చానన్నమాట. తివాచీ అంతా తడి. గుమ్మంలో మేనేజరుగారు, బీచికి వచ్చినవారిలా బూట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. నా ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన నా తడి కాళ్లు చూసి నవ్వేశారు.

ఇప్పటికీ ఏసీ బిగించాక, దాని నీళ్లు చేరే ట్రేలో చెంబుడు నీళ్లు పోస్తాను. అవి గోడ అవతల పడే చప్పుడు వినేదాకా చెప్పులు వేసుకోను.