మా బావ నూనె షాకులు

మా బావను చూస్తే నాకు ఒళ్ళు మంట. ఇదేమీ దాచుకోవలసిన విషయం కాదు. ఆయనకూ తెలుసు, మా అక్కకూ తెలుసు, వాళ్ళ పక్కింటివాళ్ళకూ తెలుసు. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. ఎదుటివాళ్ళ చూపు సరిచేసి బతికే మనిషికి తన ముక్కు కింద ఉన్నది మాత్రం కనిపించదు.

ఆదివారం వచ్చిందంటే ఆయన ఇంజనీరైపోతాడు. ఊరి చివర పాత గిడ్డంగిలో తివాచీ పరిచి, చుట్టూ చెక్కలు పాతి, కొందరు పెద్దమనుషులు మూరెడు పొడుగు రిమోట్ కార్లకు పోటీలు పెట్టుకుంటారు. బావ మొదట్లో తనే నడిపేవాడు. ఒకే పోటీలో నాలుగు సార్లు చెక్కను గుద్దాక రిమోట్ అక్క చేతిలో పెట్టి, "నేను బుర్ర, నువ్వు చెయ్యి" అన్నాడు. బుర్ర అంట! బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చునే మా అక్క వేళ్ళలో ఏముందో గానీ, ఆ కారు ఆమె మాట విన్నట్టు ఆ గిడ్డంగిలో ఎవరి మాటా వినేది కాదు.

కారుకు నాలుగు షాకులు, అంటే కుదుపును మింగే షాక్ అబ్జార్బర్లు. ఒక్కొక్కటి చిటికెన వేలంత ఉంటుంది. గొట్టంలో నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్ నుంచి కిందికి నున్నటి ఉక్కు కడ్డీ. కడ్డీ బయటికి వచ్చే చోట నూనె కారకుండా రబ్బరు రింగు. కడ్డీ కొసకు ఒక ప్లాస్టిక్ ముక్క బిగించాలి, బిగించేటప్పుడు కడ్డీ తిరగకుండా పట్టుకోవాలి. మా బావ ఘనత అంతా ఇక్కడే ఉంది. కళ్ళజోళ్ళ ఫ్రేములు వంచే పట్టకారు తీసి ఆ నున్నటి కడ్డీని కసుక్కున పట్టుకుంటాడు. కడ్డీ మీద గీతలు పడతాయి, గీతలు రబ్బరును కోస్తాయి. పోటీ ఐదు నిమిషాలైతే మూడో నిమిషానికల్లా నూనె బయటికి, గాలి లోపలికి. ఆ బాటలో ఎడమ మలుపులే ఎక్కువ కాబట్టి భారమంతా కుడివైపు వెనక చక్రం మీద పడి, కారు అక్కడ కుంగుతుంది.

నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. నునుపు కడ్డీని ఇనుముతో పట్టుకోకూడదని నాకు పనిలో చేరిన మొదటి వారమే నేర్పారు. ఆ ముక్కే ఆయనకు చెప్పాను.

"బావా, కాస్త తోలుముక్క చుట్టి పట్టుకో. గీతలు పడవు."

"ఒరేయ్, నీది కుట్లూ అల్లికలూ. ఇది హైడ్రాలిక్స్. కారేది గీతల వల్ల కాదు, కంపెనీవాళ్ళ రబ్బరు నాసిరకం."

నూనె పోశాక పిస్టన్‌ను మెల్లగా పైకీ కిందికీ ఆడించి, బుడగలు పైకి తేలేదాకా ఆగాలి. ఆయన ఆగుతాడు, నోరు ఆగదు. ఆ పది నిమిషాలూ వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ ఉపన్యాసమే. అంత ఉపన్యాసం ఇచ్చి తయారుచేసిన షాకు మూడు నిమిషాలు నిలవదు. సిగ్గన్నా పడడు.

ఈ ఏడు అక్క ఫైనల్‌కు వచ్చింది. పదకొండేళ్ళలో ఇదే మొదటిసారి.

"ఈ ఒక్కసారి గెలవాలని ఉందిరా తమ్ముడూ," అంది నా చెయ్యి పట్టుకుని. "రోజంతా ఆ కిటికీ అవతల ఎవడో ఒకడు కసురుతూనే ఉంటాడు. ఒక్కసారి మైకులో నా పేరు చదివితే వినాలని ఉంది."

ఈ మనిషి పట్టకారు వల్ల ఆమె ఓడిపోకూడదనుకున్నాను. వెనక షాకులు రెంటికీ అచ్చం ఆయనవాటిలాంటి విడిభాగాలే కొని, ఇంట్లో కూర్చుని నేనే తయారుచేశాను. తోలులో పట్టి బిగించాను. భూతద్దంలో చూసినా ఒక్క గీత లేదు. ఫైనల్ రోజు పొద్దున వాళ్ళిద్దరూ టీకి వెళ్ళినప్పుడు పాతవి ఊడదీసి నావి పెట్టేశాను. అక్కకు చెప్పలేదు. చెబితే "ఆయన నొచ్చుకుంటారురా" అంటుంది. అసలు సంగతి అది కూడా కాదు. ఆమె గెలిచాక నలుగురి ముందూ బావ గాలి తీయాలని నా ఆశ.

పోటీ మొదలైంది. మొదటి రెండు నిమిషాలూ అక్కే ముందుంది. మూడో నిమిషం దాటింది. బావ చేసిన షాకైతే ఈపాటికి కుంగిపోవాలి. కుంగలేదు. నేను లోలోపల జబ్బలు చరుచుకున్నాను. నాలుగో నిమిషంలో చివరి మలుపు దగ్గర కారు ఉన్నపళంగా లోపలికి దూసుకుపోయి చెక్కను గుద్ది బోర్లాపడింది. ఎవరో లేపి పెట్టేలోపు నలుగురు దాటిపోయారు.

అక్క కారు చేతిలోకి తీసుకుని వెనక భాగం అరచేత్తో నొక్కింది. రెండు వైపులా సమానంగా లేచింది.

"నా కారు ఎవరు ముట్టుకున్నారు?" అంది. "మూడో నిమిషానికి కుడివైపు దిగాలి. ఎన్నేళ్ళుగానో దిగుతోంది. దిగుతుందనే నేను మలుపు ముందే తిప్పుతాను. ఇవాళ దిగలేదు."

నేను వంగి, పక్కకు జరిగిన చెక్కను సర్దడం మొదలుపెట్టాను. ఈలోగా బావ జేబురుమాలుతో షాకులు తుడిచి, దాన్ని దీపానికి అడ్డంగా పట్టుకుని చూశాడు.

"ఇంకెవరు ముట్టుకుంటారు? నేనే!" అన్నాడు గిడ్డంగి అంతా వినబడేలా. "చూడండయ్యా, ఒక్క చుక్క లేదు! పద్ధతి మార్చాను, ఫలితం చూడండి."

అబద్ధమని కూడా అనలేను. తన చేతి పనివల్లే కారలేదని ఆ మహానుభావుడు నిజంగానే నమ్మాడు.

అక్క రిమోట్ ఆయన చేతిలో పెట్టింది. "అయితే మీరే నడుపుకోండి," అంది. అంతే, మళ్ళీ దాన్ని ముట్టలేదు.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. ముందుగదిలో బావ ఎవరికో ఒక్క చుక్క కారని షాకు కథ చెబుతున్నాడు. అక్క వంటింట్లో గిన్నెలు తుడుస్తోంది. మళ్ళీ నడపమని బతిమాలాను.

"ఆయన పని ఎంత అధ్వాన్నమో నాకు తెలియదనుకున్నావా?" అంది. "తెలిసే నడిపాను. బాగుచేస్తే చేశారు, ఒక్క మాట చెబితే మలుపు మామూలుగా తిప్పేదాన్ని కదరా. నాకు చెప్పాలని కూడా ఆయనకు అనిపించలేదు చూడు. అది మింగుడుపడటం లేదు."

తలుపు వైపు చూశాను. గిన్నె అందుకుని తుడవడం మొదలుపెట్టాను.

"బావ ఎప్పుడూ అంతేలే అక్కా," అన్నాను.