బొమ్మలో తెగిన కట్ట

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఏదీ ఉండేది కాదు. ఇప్పుడైతే పిల్లల ముందు నిలబడి ఒక్క మాట చెప్పాలన్నా, ఇది నిజమేనా అని లోపల నన్ను నేనే రెండుసార్లు అడుగుతాను. అప్పుడట్లా కాదు. డిగ్రీ అయిపోయింది, చెయ్యి తిరిగి బొమ్మలు వస్తున్నాయి, నగరంలో పిల్లల పుస్తకాలు వేసే ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఇంక నాకు తక్కువేమిటి? ఉద్యోగమిచ్చిన మేడం మొదటి రోజే అడిగింది: "నీళ్ల మీద, ప్రకృతి మీద ఇంటిల్లిపాదీ కలిసి చదువుకునే పుస్తకాలు వేద్దామనుకుంటున్నాం. నీకు చెరువుల గురించి ఏమైనా తెలుసా అమ్మా?" నేను కుర్చీలో ముందుకు జరిగి, "మాది ఇబ్రహీంపట్నం మేడం. మా నాన్న చేపలు పట్టేవాడు. చెరువు గురించి నాకు తెలియనిది లేదు" అన్నాను. (అందులో మొదటి రెండు మాటలూ నిజమే.)

నిజం చెప్పొద్దూ, మా పెద్దచెరువును నిండుగా నేను ఏనాడూ చూడలేదు. నాకు బుద్ధి తెలిసేసరికే అందులో తుమ్మచెట్లు మొలిచి ఉన్నాయి. మేం చెరువు నడుమ వికెట్లు పాతి క్రికెట్ ఆడినవాళ్లం. గట్టి వానపడ్డ ఏడు మధ్యలో కాసిని నీళ్లు నిలిస్తే వాటిని బర్రెలూ మేమూ పంచుకునేవాళ్లం. మా నాన్న, మా పిలుపులో బాపు, ఆయన వల మాత్రం ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉండేది. దసరాకు దాన్ని దించి, పసుపూ కుంకుమా పెట్టి, మళ్లీ మేకుకే తగిలించేవాడు. చేపలు పట్టే మనిషి కొంగరకలాన్ వైపు ఒక ప్లాట్ల వెంచర్లో హద్దురాళ్లకు కాపలా కాసేవాడు. "ఎవ్వడెత్తుకపోతడే రాళ్లను" అని నవ్వేవాడు. అప్పుడప్పుడు అన్నం తింటూ చెరువు ముచ్చట తీసేవాడు. "అలుగు దుంకితే ఆ సప్పుడు బజారు దాక ఇనొస్తుండె బిడ్డా. చేపలు నీళ్లకు ఎదురెక్కుతుండె." నేను ఫోన్లోంచి తల ఎత్తకుండా "ఊఁ" అనేదాన్ని.

అట్లాంటి నేను చెరువు మీద పుస్తకం రాశాను, బొమ్మలూ గీశాను. మొదటి పేజీల్లో కొంగలు, తామరాకులు, నారుమళ్లు. నడిమి రెండు పేజీలకూ కలిపి ఒక పెద్ద బొమ్మ కావాలంది మేడం, చూడగానే పిల్లలు కేరింతలు కొట్టాలంది. నిండిన చెరువు ఎట్లా పొర్లుతుందో బాపును అడిగితే సరిపోయేది. నేను ఫోన్‌ను అడిగాను. అదెక్కడిదో ఒక పెద్ద డ్యాము చూపించింది. ఇంకేం, పొడుగాటి మట్టికట్ట గీసి, దాని నడుమ మీదుగా ఈ చివర నుంచి ఆ చివర దాకా నీళ్లు తెల్లటి పరదాలాగా కిందికి దూకుతున్నట్టు వేశాను. కట్ట కింద పిల్లలు ఎగురుతున్నారు, ఒక పిల్లవాడు ఎర్ర గొడుగు పట్టుకున్నాడు, ఒక బంగారు రంగు చేప నీళ్లతో పాటు కిందికి జారుతూ నవ్వుతోంది. బొమ్మ కింద "నిండిన చెరువు కట్ట దాటి దూకింది, ఊరంతా పండుగ చేసుకుంది" అని రాశాను. మేడం చూసి, "అమ్మాయీ, ఇందులో మీ ఊరి మట్టివాసన వస్తోంది" అంది. నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

అచ్చయిన మొదటి కాపీ ఇంటికి తెచ్చిన రోజు బాపు చేతులు కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుని, అప్పుడు పుస్తకం పట్టుకున్నాడు. అట్ట మీద నా పేరును వేలితో తడిమాడు. లోపల తెరవలేదు. "మన చెరువు మీదనేనా?" అని మూడుసార్లు అడిగాడు. పొద్దున లేచేసరికి చేపలు పట్టే మావాళ్లందరికీ ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చాడు. "చెరువుల నీళ్లు లేకుంటే మాయె, మా బిడ్డ పుస్తకంల నింపింది" అన్నాడట. ఎండిన చెరువు మిగిల్చిన ఇన్నేళ్లలో బాపు పదిమందిలో తల ఎత్తి చెప్పుకున్న మాట అదొక్కటే. అందుకే, తర్వాత జరిగింది నాకు అంత గట్టిగా తగిలింది.

మావాళ్లలో ఒక పద్ధతి ఉంది. కొత్త వల అల్లితే నీళ్లలో వేసేముందు దాన్ని చెరువు కట్ట మీది మైసమ్మ గుడి దగ్గరికి తీసుకుపోతారు. అక్కడ పెద్దలంతా చుట్టూ కూర్చుని వలను చేతుల్లోకి తీసుకుంటారు. కన్ను కన్నూ తడిమి, ఎక్కడ ముడి వదులుగా ఉందో మొహం మీదే చెప్తారు. మొహమాటపడి ఊరుకుంటే ఆ తప్పు ఊరుకున్నవాడిది. అంతా బాగుందన్నాకే కొబ్బరికాయ కొడతారు. బాపు లెక్కలో పుస్తకం కూడా కొత్త వలే. "బళ్లకు పంపకముందే అమ్మకు సూపెట్టాలె" అన్నాడు. ఆదివారం పొద్దున పదిమందిని వెంటేసుకుని నన్ను కట్ట మీదికి తీసుకుపోయాడు. నేను కొత్త చీర కట్టుకున్నాను. (ఎండిన చెరువు గట్టు మీద తుమ్మముళ్ల మధ్య పట్టుచీర. ఫోటోలు లేవు, అంతవరకు నయం.)

గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాను. కొంగల దగ్గర తలలూపారు, నారుమళ్ల దగ్గర మా మేనత్త "మస్తున్నది" అంది. నడిమి బొమ్మ తిప్పి అందరికీ కనబడేట్టు పట్టుకున్నాను. కేరింతల కోసం కాసేపు ఆగాను కూడా. ముందు వరసలో నీరటి తాత ఉన్నాడు. చెరువు తూము తీసి పొలాలకు నీళ్లు వదిలే పని ఆయనదీ, ఆయన తండ్రిదీ, తాతదీ. ఆయన చెయ్యి చాచి పుస్తకం తీసుకుని, దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"కట్ట తెగిందా బిడ్డా?"

"లేదు తాత. చెరువు నిండింది."

"నిండితే మిగిలిన నీళ్లు అలుగుకెల్లి పోతయి. గదేంది, అవుతల కొసకు రాళ్లతోని కట్టి ఉంటది సూడు, గదే అలుగు. గిది కట్ట మీదికెల్లి పోతున్నది. మట్టికట్ట ఆగుతదా? గీడ తెగుతది" అని నా తెల్లటి పరదా మీద బొటనవేలు పెట్టి చూపించాడు.

పుస్తకం చేతులు మారింది. "తెగుడేంది, తెగింది. ఇంకో గడియల ఊరు మునుగుతది" అన్నాడు చిన్నబాపు, మా బాపు తమ్ముడు. మేనత్త నోటి మీద చెయ్యి పెట్టుకుని, "అయ్యో, ఆ పోరగాండ్లను అవుతలికి గుంజున్రి! ఆ గొడుగోడు మొదలు కొట్టుకపోతడు!" అంది. ఒకరు ఇసుక బస్తాలు తేవాలన్నారు, ఇంకొకరు ముందు తూము తియ్యాలన్నారు, కింది వాడకు చెప్పిరావడానికి ఎవరు ఉరకాలో దాని మీద వాదన నడిచింది. చుక్క నీరు లేని చెరువు గట్టు మీద కూర్చుని, కాగితం మీది వరదను ఆపడానికి మావాళ్లు అరగంట సేపు తన్నుకులాడారు. నడుమ ఎవరో నా బంగారు చేపను పట్టేశారు. "గిది దుకాణంల సీసల ఉండే చేప గదా? గీడికెందుకొచ్చింది? వచ్చింది పో, కిందికెందుకు జారుతది, చేపన్నంక ఎదురెక్కాలె గని?"

నాకు చెవులు కాలిపోయాయి. "ఇది పిల్లల పుస్తకం తాత. జర అందంగ ఉండాలె గద" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

తాత నవ్వలేదు. "పిల్లల పుస్తకమనే అంటున్న. మాకైతే ఎరుకనే. ఈ పిల్లలు ఏనాడన్న నిండిన చెరువు సూసిన్రా? రేపు నిజంగనే కట్ట మీదికెల్లి నీళ్లొస్తే దూరం ఉరుకుతరా, నీ పుస్తకం సదివి గొడుగులు పట్టుకొని కింద ఎగురుతరా?"

అంత సూటిమాట ఆ తర్వాత నా ఉద్యోగంలో ఏ మేడమూ ఏ సారూ అనలేదు. నేను బాపు వైపు చూడలేక చూశాను. కొట్టని కొబ్బరికాయ చేతిలో అట్లాగే ఉంది. ఇల్లిల్లూ తిరిగి చెప్పిన మనిషి, పదిమందిలో తల దించుకోవాల్సి వచ్చిందే అని నా ప్రాణం చివుక్కుమంది. బాపు తల దించుకోలేదు. కొబ్బరికాయ పక్కన పెట్టి లేచాడు.

"ముడి తప్పు పడితే నేర్పినోడిని అడగాలె. నా బిడ్డకు నిండిన చెరువు నేను సూపెట్టిన్నా? ఎండిన చెరువుల పెంచిన. ఇయ్యాల సూపెడ్త" అని, చిన్నబాపును ఇంటికి పంపి మేకు మీది వల తెప్పించాడు.

అందరం కట్ట చివరికి, అలుగు దగ్గరికి నడిచాం. (అన్నేళ్లూ ఆ రాళ్ల మీద కూర్చుని నేను పల్లీలు తిన్నాను. అది అలుగని ఒక్కనాడూ అనుకోలేదు.) బాపు రాళ్ల మీద నిలబడి, వల భుజాన సర్దుకుని, ఒక్క విసురు విసిరాడు. ఎన్నేళ్లయిందో ఆ చెయ్యి వల విసరక, అయినా వల గుండ్రంగా విచ్చుకుని రాళ్ల మీద పరుచుకుని, మెట్టు మెట్టుకూ విరుగుతూ కిందికి జారింది. "గట్ల దుంకుతయి నీళ్లు. ఎత్తు మీదికెల్లి పడవు, రాయి రాయికి ఇరుగుతయి. చేప గీడికెల్లి ఎదురెక్కుతది" అని వల అంచు పట్టుకుని చూపించాడు. "జర ఎడమకు ఎక్కువ పోతుండె" అని తాత దిద్దాడు. మళ్లీ విసిరాడు. నేను పట్టుచీరతో రాళ్ల మీద చతికిలబడి గీస్తూనే ఉన్నాను. రోడ్డు మీద పోతున్న బస్సు నెమ్మదించి, కండక్టర్ తల బయట పెట్టి, "ఏమన్న పడ్డయా అన్నా?" అని అరిచాడు. "పడ్డయి, దిగు, కూరకిస్త!" అని తాత జవాబిచ్చాడు. ఆ రోజు మా బాపును చూసి నాకు కలిగిన గర్వం, అట్ట మీద నా పేరు చూసుకున్నప్పుడు కూడా కలగలేదు.

సోమవారం మేడంతో బొమ్మ తప్పని చెప్పాను. పుస్తకాలు అప్పటికే బళ్లకు పోవడానికి కట్టలు కట్టి ఉన్నాయి. ఆమె నుదురు పట్టుకుని, "ఇంత చిన్న తప్పు ఎవరు పట్టుకుంటారమ్మా?" అంది. "పట్టుకున్నవాళ్లు బయట బెంచీ మీద కూర్చున్నారు మేడం" అన్నాను. (వద్దంటే వినకుండా బాపూ, నీరటి తాతా నాతోపాటు బస్సెక్కారు.) లోపలికి పిలిచి చాయ్ ఇచ్చారు. తాత సాసరును బల్ల మీది చాయ్ ట్రే అంచున పెట్టి, అందులో చాయ్ నిండా పోశాడు. "గిది చెరువు. ఒక్క దిక్కు వంచితే గిట్ల పోతది, గిది అలుగు" అని సాసరును జరంత వంచితే చాయ్ బుద్ధిగా ట్రేలోకి జారింది. "ఇగ కట్ట మీదికెల్లి పోతే..." అని ఇంకో కప్పు కుమ్మరించాడు. మేడం ఫైళ్లు, కళ్లజోడు పెట్టె, కొత్త పుస్తకాల జాబితా, అన్నీ మునిగాయి. ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని లేచి నిలబడి, "అర్థమైంది, మారుద్దాం" అంది.

కొత్త బొమ్మ గీశాను, దాని కింది మాటను కూడా "నిండిన చెరువు అలుగు దూకింది" అని మార్చాను. పుస్తకాలన్నీ మళ్లీ అచ్చువేయడం కుదరదు కాబట్టి ఆ ఒక్క బొమ్మే విడిగా వేయించి, పాతదాని మీద అంటించాలని తేలింది. అంటించే పని మా వాడకట్టు తీసుకుంది. మా వాకిట్లో మైదా జిగురు ఉడికింది. వల కన్నులు సమానంగా అల్లిన చేతులు కదా, ఒక్క అంచు కూడా పక్కకు పోలేదు. పుస్తకాల్లో ఎక్కడైనా బొమ్మ వంకరగా కనబడితే అవి నేను అంటించినవి. అంతా అయ్యాక మళ్లీ కట్ట మీదికి పోయాం. తాత పేజీ పేజీ తిప్పి, "ఇగ కొట్టు" అన్నాకే బాపు కొబ్బరికాయ కొట్టాడు.

ఆ తర్వాత కొన్నేళ్లకు మా పెద్దచెరువు నిజంగానే నిండింది. అలుగు దూకిన రోజు ఊరు ఊరంతా అక్కడే ఉంది. బాపు చెప్పినట్టే ఆ చప్పుడు బజారు దాకా వినిపించింది. రాయి రాయికీ విరిగి, జర ఎడమకు ఎక్కువగా పోతూ దూకుతున్న ఆ నీళ్లను చూసి నేను గట్టిగా ఏడ్చేశాను, సిగ్గేమీ పడలేదు. నీరటి తాత కర్ర పట్టుకుని, అంచుకు పోయి సెల్ఫీలు దిగేవాళ్లను తరుముతున్నాడు. బడిపిల్లలు కొందరు నా పుస్తకం తెచ్చుకుని బొమ్మనూ నీళ్లనూ మార్చి మార్చి చూస్తున్నారు. అందులో ఒక పిల్ల పేజీని ఎండకు అడ్డంగా ఎత్తి పట్టుకుని అరిచింది.

"అక్కా, ఈ బొమ్మ ఎనకాల ఇంకో బొమ్మ ఉన్నది! అండ్ల కట్ట తెగుతున్నది! గది ఎవ్వలు గీసిన్రు?"

చుట్టూ అందరూ తిరిగి చూశారు. అచ్చాఫీసు వాళ్ల పొరపాటని చెబుదామని నోరు తెరిచాను కూడా. అప్పుడే తడి వల భుజాన వేసుకుని వస్తున్న బాపు, నీళ్ల చప్పుడును మించి గట్టిగా అన్నాడు: "ఎవ్వలో ఎందుకు గీస్తరు? లోపలిది మా బిడ్డనే గీసింది, మీదిది మా బిడ్డనే గీసింది!"

ఇప్పుడు ఎన్నో పుస్తకాలు రాశాను. ప్రతిదీ అచ్చుకు పోకముందే కట్ట మీద పదిమంది చేతులూ తిరిగి రావాల్సిందే. ఎప్పుడైనా నాకు అన్నీ తెలుసుననిపిస్తే ఆ మొదటి పుస్తకం తీసి, నడిమి పేజీని కిటికీ వెలుగుకు పెడతాను. బాపు నీళ్ల వెనకాల నా నీళ్లు మసకగా కనబడతాయి. ఆ కట్ట కింద ఎర్ర గొడుగు పట్టుకుని ఎగురుతున్నది నేనే అనిపిస్తుంది. అవతలికి రావే పిల్లా, అని నవ్వుకుంటాను.