తాటి దోనెలో పప్పన్నం

ఈ రోజు మా మనవరాలు సీతాలును ఏలూరు ఆసుపత్రికి ఎత్తుకువెళ్లి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. ఒళ్లు హూనమైంది. పిల్లకు ఎనిమిదేళ్లు. పుట్టినప్పటినుంచీ కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి ఉంటాయి, కూర్చోలేదు. పడుకోబెట్టి అన్నం పెడితే పొలమారి ఊపిరాడదు. మొన్న పోయిందనే అనుకున్నాం.

పుట్టేటప్పుడే మెదడు దెబ్బతిందనీ, దీనికి మందు లేదనీ డాక్టరమ్మ చెప్పింది.

"కూర్చోబెట్టే అన్నం పెట్టాలండి తాతగారూ. పక్కలకు దన్నుండే కుర్చీ మద్రాసులో చేస్తారు."

"మద్రాసెందుకమ్మా? తాటిమాను తొలిచి చేసిన మా దోనెలో నిటారుగా కూర్చుంటుంది. ఇరుకు కదా, ఒరగనివ్వదు. నేను కొల్లేట్లో వల వేస్తుంటే ఎదురుగా కూర్చుని నవ్వుతుంది."

"మరి అందులోనే తినిపించకపోయారా?"

"దోనె మాకు కూడు పెట్టే తల్లమ్మా. అందులో ఎంగిలి పడనివ్వం."

"తల్లి ఒళ్లో పిల్ల తింటే ఎంగిలవుతుందాండీ?"

పిల్లను భుజాన వేసుకుని లేచాను. ఒకరిచేత చెప్పించుకునే రకాన్ని కాదు నేను, కానీ ఈ మాట నిజమే అనిపించింది.

వచ్చీ రాగానే దోనెను చూరు కిందికి లాగి, అందులో పిల్లను కూర్చోబెట్టి, మెత్తగా పిసికిన పప్పన్నం పెట్టాను. ఒక్కసారీ పొలమారలేదు. నేలమీద దోనె ఏమిటని ఇరుగుపొరుగు నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. చదువు లేనివాణ్ణి సరే, ఎనిమిదేళ్లు నా కళ్లేమయ్యాయో తెలియడం లేదు. ఇలాంటి పిల్ల మీ ఇంట్లోనూ ఉంటే, దేనిలో కూర్చోబెడుతున్నారో నాకూ చెప్పండి. ఈసారి వింటాను.