పదకొండు పేర్లు, ఒకటే వేలు

సక్రి ఒక్క పొద్దుటి పూట, దోమ సాయం లేకుండా, తండాలో పదమూడు మందికి మలేరియా తెప్పించింది.

సరే, పదమూడు కాదు, పదకొండు. తెప్పించడం కూడా కాగితం మీదే. సిస్టర్ల బడిలో అబద్ధమాడితే వేలి కణుపుల మీద స్కేలు పడేది. అందుకని నేను అంకెల్లో తప్ప ఎక్కడా అబద్ధం చెప్పను.

టేకులపల్లి నుంచి అడవి వైపు పోతే, మా మిరపచేలను ఆనుకుని ఒక తండా ఉంది. సక్రి ఆ తండాకు ఆశా వర్కరు. నెలకు పదకొండు మంది వేళ్ళు సూదితో గుచ్చి, రక్తపు చుక్కను గాజుపలక మీద పూసి, పేరు రాసి పంపాలి. జ్వరం ఉన్నా సరే, లేకపోయినా సరే. అడవి అంచున ఉన్న ఊళ్ళో మలేరియా ఎప్పుడు తలెత్తిందో, ఎప్పుడు అణిగిందో ఏళ్ళ తరబడి కనిపెట్టి ఉండడానికి ఆ పలకలే దిక్కు.

మొదట్లో అందరూ వేళ్ళిచ్చారు. మిరప కోతలు మొదలయ్యాక ఎవరూ ఇవ్వలేదు. సూది దిగిన వేలితో పండుమిరపకాయ తెంపి చూడండి, మీకే తెలుస్తుంది. లాలి అనే ముసలామె బుట్ట కింద పెట్టి మరీ తిట్టింది.

“జ్వరం లేదు, గిరం లేదు, ఊకె నా వేలెందుకే నీకు? గంత రక్తం కావాల్నంటే పోయి నీ మొగుని వేలు గుచ్చుకో!”

సక్రి ఇంటికి పోయి అదే పని చేసింది.

మొగుడు రామ్‌చందర్ జామాయిల్ దుంగలు లారీల్లోకి ఎత్తే ముఠాలో పనిచేసేవాడు. లోడు సారపాక కాగితం మిల్లుకు పోయిందంటే రెండు రోజులు మంచం మీదే ఉండేవాడు. గాజులు తొడిగించుకునే ఆడమనిషిలా చెయ్యి చాపేవాడు.

“ఈ నెల నేనెవర్నే?”

“లాలివి, మోతీవి, గోపాలువి. తర్వాత ఇంకా ఎనిమిది మందివి.”

“లాలినా? అయితే ఇంకో చుక్క ఎక్కువ తీస్కో. ముసల్దానికి కోపం జాస్తి.”

కోతలు అయిపోయినా ఈ పద్ధతి మాత్రం పోలేదు. ఇల్లిల్లూ తిరిగి మాటలు పడడం కన్నా మొగుడి వేలు నయం కదా. అట్లా రెండేళ్ళు గడిచాయి. రెండేళ్ళ పాటు సర్కారు ఆ తండా ఆరోగ్యం అనుకుని గమనించింది ఒక్క మనిషి రక్తాన్ని. ఆ మనిషి రాయిలా ఉన్నాడు కాబట్టి తండాలో కేసులు సున్నా. సున్నా ఉన్నచోట మందులెందుకని మలేరియా సూపర్‌వైజరు ఆదినారాయణ వచ్చి, సక్రి దగ్గరున్న పరీక్ష కిట్లనూ మాత్రలనూ వేరే ఊళ్ళకు పంపడానికి తీసుకుపోయాడు. ఆమె సంతోషంగా సంతకం పెట్టింది.

మూడో ఏడు జనవరిలో రామ్‌చందర్ చర్ల వైపు అడవిలో పన్నెండు రోజులు దుంగలెత్తి వచ్చాడు. ఒళ్ళు నొప్పులన్నాడు. ఆ పొద్దునే సక్రి అతని రెండు వేళ్ళు గుచ్చి పదకొండు పలకలు నింపి పంపింది. మర్నాటికి చలి, వణుకు.

“మలేరియానేమోనే.”

“మన తండల మలేరియా యాడిది? రెండేండ్ల సంది ఒక్కటి లేదు. కావాలంటే రిజిస్టరు చూడు.”

హాస్యానికి అనలేదు. తను రాసిన రిజిస్టరును సక్రి నిజంగానే నమ్మింది. జ్వరం బిళ్ళ ఇచ్చి దుప్పటి కప్పింది. అట్లా వారం పోయింది.

ఎనిమిదో రోజు జీపు వచ్చింది. పదకొండు పలకల్లోనూ మలేరియా, అదీ మెదడుకెక్కే రకం. ఆదినారాయణ జాబితా చదవడం మొదలుపెట్టాడు. సక్రి నీళ్ళు తెస్తానని ఇంట్లోకి పోయి, మొగుడి చెవిలో ఏదో చెప్పి, బయట తాళం వేసి వచ్చింది.

మిరపచేలో ఏరుతున్న ఆ పదకొండు మందినీ పిలిపించి, మాత్రలు మింగించడానికి వరుసలో నిలబెట్టారు.

“నాకేం జ్వరం లేదు సారూ, పొద్దుగాల సంది మూడు బుట్టలు ఏరిన,” అన్నాడు గోపాలు.

“నీకు తెల్వదు. నీ రక్తానికి తెలుసు. మింగు.”

మోతీ కక్కుకున్నాడు. మళ్ళీ మింగించారు. ఆదినారాయణ ఖాళీ మాత్రల అట్టలన్నీ దగ్గర పెట్టుకుని సక్రి వైపు తిరిగాడు.

“ల్యాబులో ఒక మాట అంటున్నరమ్మా. పదకొండు పలకలు ఒక్క మనిషి రక్తం లెక్కనే ఉన్నయట. అదే నిజమైతే నీ నౌకరీ ఉండదు. మీ ఆయనేడి? ఆయనను గూడ ఓసారి చూద్దాం.”

“సారపాక లోడుకు పోయిండు సార్.”

లోపల మంచం టకటకా కొట్టుకుంటోంది.

“ఏందా సప్పుడు?”

“మేక సార్. ఈనేటట్టున్నది.”

“పోయి చూడరాదు మరి?”

“తొలిచూలు గాదు సార్. అదే ఈంటది.”

కాసేపటికి మేక సద్దుమణిగింది. ఆదినారాయణ చాయ్ తాగి, మోతీ మళ్ళీ కక్కుకోలేదని నమ్మకం కుదిరేదాకా కూర్చుని, మిగతా మోతాదులు రేపు తనే వచ్చి మింగిస్తానని చెప్పి వెళ్ళాడు. ఒక్క మాత్ర కూడా వదల్లేదు.

సక్రి తాళం తీసేసరికి రామ్‌చందర్ మంచం కింద ఉన్నాడు. మూలుగు బయటికి వినపడకుండా తన తువ్వాలు తనే నోట్లో కుక్కుకున్నాడు. ఆ తువ్వాలు తీయడానికి పళ్ళు విడదీయాల్సి వచ్చిందని ఆటో తోలిన వీరన్న నాతో చెప్పాడు. కొత్తగూడెం ఆసుపత్రి ఇంకా ఆరు కిలోమీటర్లుందనగా ఆటో వెనక్కి తిప్పమంది సక్రి. ఇక ముందుకు పోయి చేసేదేమీ లేదు.

తండాలో ఎవరు ఎందుకు పోయారో రాసి పంపేది కూడా ఆశా వర్కరే. గుండెపోటు అని రాసింది.

ఆ ఏడాది ఆశా వర్కర్ల మీటింగులో సక్రికి శాలువా కప్పారు. కేసులు పదకొండు, నయమైనవి పదకొండు, మలేరియా మరణాలు సున్నా. తండాలో ఇప్పుడు ఆమె కనపడితే చాలు, మిరపకాయలు ఏరే వాళ్ళు చేతులు కడుక్కుని వేళ్ళు చాపుతున్నారు.

నేను రాసిన ఇదంతా ఆమెకు చదివి వినిపించాను. కల్లంలో ఎండుమిరప నుంచి తాలుకాయలు ఏరుతూ, తల ఎత్తకుండా విన్నది.

“అన్నీ ఉత్త మాటలు తాతా. పదకొండు మందిని నేనే గుచ్చిన, పదకొండు మందికి జ్వరముండె. మా ఆయన గుండె ఆగి పోయిండు. ఆయనకు జ్వరమే రాలేదు.”