చెవుల వెనక బుడగలు

నీళ్లలో మనిషిని పట్టిచ్చేది అతని ఊపిరే. నేలమీద దొంగ ఊపిరి బిగబట్టి గోడ పక్కన నిలబడగలడు. నీటి అడుగున విడిచిన శ్వాస మాత్రం బుడగై పైకి వచ్చి మనిషి జాడ చెప్పేస్తుంది. ముత్యాల కోసం మునిగేవాళ్లను దక్షిణ సముద్రతీరంలో ఒకప్పుడు చూశాను. పడవలో కావలివాడి కళ్లన్నీ ఆ బుడగల మీదే. సముద్రాన్ని కథల్లో వినడమే తప్ప ఎరగని మర్రిగూడ దిక్కు మెట్ట ఊళ్లో ఈ సంగతి తెలిసినవాడు ఒకడుండేవాడు. పేరు గుర్వయ్య.

ఆయన ఆ ఊరివాడు కాదు. మహబూబ్‌నగర్ జిల్లాలో కృష్ణ ఒడ్డున పడవవాళ్ల ఇంట పుట్టాడు. బిక్షమ్మను చేసుకుని ఇల్లరికం వచ్చాడు. ఎవరి బిందె బావిలో పడ్డా, ఎవరి మోట తెగిపడ్డా ఆయన్నే పిలిచేవాళ్లు. పిలిచినవాళ్లే, ఆయన తల తుడుచుకుంటూ వెళ్తుంటే వెనకనుంచి చూసి, "అడుగున ఇంకేం జూసిండో, ఏం దాసిండో" అనుకునేవాళ్లు. తమ బావి అడుగు చూసినవాడంటే ఎవరికైనా జంకే. పైగా పైవూరివాడు, మాట తక్కువవాడు. నవ్వితే ఎందుకు నవ్వాడని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని.

పోలీసు చర్య జరిగిన మరుసటేడు ఆ ఊళ్లో క్యాంపు దిగింది. దొర గడీలోంచి సంఘం వాళ్లు ఎత్తుకుపోయిన రెండు తుపాకుల జాడ తేలలేదు. బిక్షమ్మ తమ్ముడు భీమయ్యను పట్టుకుని క్యాంపులో పడేశారు. అవి అతని మోటబావిలోనే ఉన్నాయని ఎవరో పోలీసుల చెవిన వేశారు. ఎవరో ఇవాళ్టికీ తెలియదు. ఊళ్లో ప్రతివాడూ పక్కింటివాణ్ని అనుమానించాడు. గుర్వయ్యను మాత్రం అందరూ అనుమానించారు. తుపాకులు బయటపడితే భీమయ్య బతకడు. ఆ రోజుల్లో అంతకంటే చిన్నవాటికే మనుషుల్ని గుట్టల వెనక్కి నడిపించుకుపోయి, పోలీసులు మాత్రమే తిరిగివచ్చేవాళ్లు.

మొదట గాలాలు వేసి లాగారు. బురద తప్ప ఏమీ రాలేదు. క్యాంపు ఇన్‌స్పెక్టరు కోస్తా జిల్లాలవాడు, నిద్రలేని కళ్లవాడు. చెరువు తూములు బాగుచేసే గుత్తేదారు ఎవరి దగ్గరనుంచో నీళ్లలో దిగే సామాను తెప్పించాడు. చేత్తో కొట్టే గాలిపంపు, పొడుగాటి రబ్బరు గొట్టం, ముఖానికి పెట్టుకునే అద్దాల తొడుగులు రెండు. గుర్వయ్యకు కబురు పోయింది.

"రెండూ పెట్టుకుని చూడు. నీకేది నప్పితే అది తీసుకోవోయ్," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ మెత్తదనం గట్టు మీద చేరిన జనంలో ఎవరికీ నచ్చలేదు.

మోట నీళ్లు పడే తొట్టిలో గుర్వయ్య మొదటి తొడుగుతో తల ముంచాడు. దాంట్లో విడిచిన గాలి గడ్డం కింది బెజ్జాల్లోంచి పోతుంది. ఆ గాలి పైకి రావాలంటే అద్దం ముందునుంచే దారి. తల ఎత్తి, "మసిలే ఎసట్ల కండ్లు వెట్టినట్టున్నది సారు. బుడగలు దప్ప ఏం గనవడ్తలేదు," అన్నాడు.

రెండో తొడుగుకు చెంపల దగ్గర గొట్టాలు రెండు చెవుల వెనక్కి వంగి ఉన్నాయి. బుడగలన్నీ తల వెనకనుంచి పోయాయి. తొట్టి అడుగున పాచి మీద నడిచే పురుగు కాళ్లు కూడా కనబడ్డాయట.

"గుడ్డి తొడుగునే వట్టుకుంటడు సూడు. బామ్మర్ది పాణం గద," అన్నాడు ఎల్లయ్య అనే ముసలాయన.

"ఏమో తాతా, ఇల్లరికపాయన. ఎటు వంగుతడో!" అన్నారెవరో.

ఇన్‌స్పెక్టరు చుట్ట నములుతూ గుర్వయ్య చేతుల వైపే చూస్తున్నాడు. ఏమీ కనబడనివ్వని తొడుగు పట్టుకుంటే, చూడటం ఇష్టంలేని మనిషని తేలిపోతుంది. ఆ రెండింటినీ ముందుపెట్టింది అందుకే.

గుర్వయ్య చెవుల వెనక గొట్టాలున్నదాన్ని తీసుకున్నాడు. "గిదే సారు. సాఫ్‌గ గనవడ్తది."

బిక్షమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎల్లయ్య ఉమ్మేశాడు. "ఊరి అల్లుడు సర్కారు అల్లుడైండు వో!"

ఇన్‌స్పెక్టరు ముఖం కాస్త సడలింది. కానీ బావి అంచున కూచుని పక్కనున్న కానిస్టేబులుతో, "బుడగలు ఎక్కడ నిలబడితే అక్కడ దొరికినట్టు. కన్నార్పకు," అన్నాడు.

గుర్వయ్య మునిగాడు. బుడగలు గానుగెద్దులా బావి చుట్టూ తిరిగాయి. ముందుకు పొడుచుకొచ్చిన మోటబండ కింద దూరి కాసేపు కనబడలేదు. ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు. అంతలో అవి బండకు అవతల తేలి, మళ్లీ నడిచాయి. గుర్వయ్య సొట్టలు పడ్డ ఇత్తడి చెంబుతో పైకి వచ్చాడు. "గిదొక్కటే సారు."

నీళ్లు తేరాక అదే తొడుగుతో ఈతవచ్చిన కానిస్టేబుల్ని దింపారు. అతనికీ ఏమీ దొరకలేదు. అంత తేటగా చూసి ఇద్దరూ లేవంటే ఇక లేనట్టేనని, కొన్నాళ్లకు భీమయ్యను వదిలేశారు.

అయితే అంతకుముందే, బావినుంచి వచ్చిన రోజు సాయంత్రం, బిక్షమ్మ కళ్లు మొగుడి నడుము మీద పడ్డాయి. "నీ ములతాడేది?"

"తెగింది."

"తెగిందా, తెంపుకున్నవా?"

ఆయన పంచె పైకి లాక్కుని బయటికి నడిచాడు. మగవాడి మొలతాడు చచ్చాకే తెంపుతారు. బతికుండగా తీసేస్తే, తన పాలిట ఎవరో చచ్చారని లెక్క. తన తమ్ముణ్ని, తన పుట్టింటిని ఆయన మనసులో చంపేసుకున్నాడని బిక్షమ్మకు రూఢి అయిపోయింది. ఆ రోజునుంచి కంచం పెట్టేది గానీ మాట పెట్టేది కాదు.

భీమయ్య ఇల్లు చేరాక గాలమేసి బావి అంతా గాలించాడు. ఆ తర్వాత బావ ఎదుట నిలబడి, "నేనేసినయ్ ఏడవాయె బావా?" అన్నాడు.

"నన్నడుగుతవేందిరా? నేను జూడలే."

"గంత సాఫ్ అద్దం వెట్టుకొని జూడలేదా?"

అమ్ముకోడానికి దాచాడని భీమయ్య, సమయం చూసి పోలీసులకు ఒప్పజెపుతాడని ఊరు అనుకున్నారు. బావుల పనికి పిలవడం మానేశారు. గుర్వయ్య చౌటుప్పల్ దిక్కు బాట పనిలో కంకర కొట్టుకుని బతికాడు.

సంఘం వాళ్లు పోరాటం ఆపేశారన్న వార్త వచ్చిన మరుసటి ఎండాకాలం ఆ మోటబావి అడుగంటింది. పూడిక తీస్తూ బిక్షమ్మ మోటబండ కింద గడ్డపార ఆనించింది. ఎండిన బురద పెళ్ల ఊడిపడి, నీళ్లు తొలిచిన గూడు ఒకటి కనబడింది. లోపల తుప్పుపట్టిన తుపాకీ గొట్టాలు రెండు. వాటికి చుట్టుకుని చివికిన నల్లదారం, దారానికి రాగి తాయెత్తు. గుర్వయ్యకు జ్వరం వచ్చినప్పుడు షాద్‌నగర్ దిక్కు దర్గాలో తనే కట్టించిన తాయెత్తు.

దాన్ని కొంగున ముడేసుకుని, గూటికి మళ్లీ బురద మెత్తింది. ఇంటికి పోయి మొగుడి ముందు పెట్టింది.

ఆయన ముందు తలుపు వైపు చూశాడు. "ఎవలన్న జూసిండ్రా?"

"నేనే జూసిన."

"భీమడు?"

"వాడు పైనుండె. సెప్పలే." ఆమె కూలబడింది. "గుడ్డిదాన్ని వట్టుకుంటే ఊరన్న నిన్ను మెచ్చుకుంటుండె గదనయ్యా!"

"గుడ్డిదాంతోని తడుముకుంట పోతె బుడగలు ఒక్కకాడ నిలవడ్తయే. గా సారు జూసేది బుడగల్నే. గనవడ్డయ్ గాబట్టి ఆగకుంట నడిచిన. నడుసుకుంటనే ములతాడు ఇప్పి తుపాకులకు సుట్టి, కాలికి తగిలిచ్చి గూట్లకు గుంజి, మూతికి బురద మెత్తిన. బండ కింద బుడగలు గనవడయ్."

"నాకన్న జెప్పొద్దా?"

"నిన్ను క్యాంపుకు గుంజుకపోతె? నీ తమ్ముడు కల్లు తాగి వాగితె?"

"నా మీద గింత అనుమానమా?"

"నీకు లేకుండెనా?"

బిక్షమ్మ లేచి పెట్టెలోంచి నల్లదారం తీసింది. పేటలు కలిపి పేని, తాయెత్తు ఎక్కించింది. "లే. నిలవడు."

గుర్వయ్య చేతులెత్తి నిలబడ్డాడు. ఆమె ముడి బిగిస్తున్నంతసేపూ ఆయన చూపు మాత్రం తలుపు మీదే ఉంది.