కోటేశ్వరమ్మ కాలికి మంట పుట్టని రోజులు

మొన్న పక్కింటి పిల్ల ఒళ్లు తగ్గే పొడి డబ్బా మూత తీసింది. మెంతులు, వాము, ఇంకేదో చేదు వేరు కలిసిన వాసన గోడ దాటి వచ్చింది. నోట్లో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ వాసనకి నాకు ఆకలి చచ్చి కోపం పుడుతుంది. వెంటనే ఖాజాబీ టీచరమ్మ గుర్తొస్తుంది.

ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. గుంటూరు పొలిమేరలో మేం మిరపకాయలకి తొడిమలు తీసే షెడ్డు వెనకే వాళ్ల ఇల్లు. పొద్దున ఎనిమిదికి గోనెపట్టా మీద కూర్చుంటే సాయంత్రం దాకా లేవం. కూర్చుని కూర్చుని మా నడుములు బస్తాలయ్యాయి. పనికి ముందు గంట నడవమన్నారావిడ. చెమట పడితే చర్మంలో ఇంకిన కారం రాజుకుంటుంది, మా వల్ల కాదన్నాం. మర్నాడు వేరుశనగ నూనె సీసాతో వచ్చి అందరి చేతులకీ కాళ్లకీ తనే పట్టించి, కుంకుడు రసంతో కడిగించి మరీ నడిపించారు. ఎంత వేగంగా నడవాలో చెప్పడానికి నన్ను వాడుకున్నారు. నేను కోతలు కోసేదాన్నని ఊరంతటికీ తెలుసు. నడుస్తూ మన రవణ కథ చెప్పగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ వేగం అనేవారు.

ఆ రోజుల్లోనే ఒక ఏజెంటు పొడి పొట్లాలు పట్టుకుని షెడ్డుకి వచ్చాడు. నాకు రెండు ఊరికే ఇచ్చాడు. నేను ఊరుకుంటానా, కొత్తపట్నంలో మా మేనత్త ఈ పొడి తాగి ఎంత సన్నబడిందంటే, సముద్రపు గాలికి ఎగిరిపోకుండా వల కప్పి పడుకోబెడుతున్నారని చెప్పాను. నాకు మేనత్తే లేదు. షెడ్డంతా నవ్వింది, షెడ్డంతా కొంది. టీచరమ్మ వద్దనలేదు. ఆవిడా మెంతులు నానబెట్టుకుని తాగే మనిషే. నడక మానకుండా, డాక్టరుకి చెప్పి తాగండి, షుగరు బిళ్లలు మాత్రం ఆపకండి అని ఊరుకున్నారు.

నా పక్క పట్టా మీద కూర్చునే కోటేశ్వరమ్మ బిళ్లలు ఆపేసింది, నడక కూడా. వలలో పడుకునే మేనత్త ఉండగా ఇంకా ఇవన్నీ ఎందుకని. కొన్నాళ్లకి, మీ అందరికీ కాళ్లు మండుతున్నాయి, నాకసలు మంటే తెలీట్లేదేంటే అంది. నేను తడుముకోకుండా, పొడి నీ ఒంట్లో కారాన్ని కూడా గెలిచిందే అన్నాను. అది మురిసిపోయింది.

ఒకరోజు అది కుంటుతుంటే టీచరమ్మ ఆపి, చెప్పు విప్పించి, పాదం తిప్పి చూశారు. బొటనవేలి కింద పుండు. పుండు లోపల మిరపగింజ. అది ఎన్నాళ్ల నుంచి అక్కడుందో ఆ పాదం యజమానురాలికే తెలీదు. షుగరు పెరిగి పాదం మొద్దుబారిపోయిందని చెప్పి ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు.

నేను ఏజెంటుని తిడుతూ టీచరమ్మ ఇంటికి వెళ్లాను. ఆవిడ కూర్చోమనలేదు.

"వాడెవడో దానికి తెలుసా? అది నీ మాట విని మానేసింది."

"నవ్వులాటకి చెప్పానండి."

"కాలు మండట్లేదన్నప్పుడు కూడా నవ్వులాటకేనా? రేపు నడకలో ఇదే చెప్పు. ఒక్క అబద్ధం కలిపావో, నా కళ్లబడకు."

చెప్పాను. పుండులో గింజ దగ్గరికి రాగానే అందరూ పగలబడి నవ్వారు. తర్వాత వల ఎప్పుడొస్తుందే అని ఒకతె అడిగింది. ఒట్టేసినా నమ్మలేదు. అంత కోపం నాకు జన్మలో రాలేదు, ఎవరి మీదని చెప్పను. టీచరమ్మ నా వైపు చూసి, రేపు మళ్లీ చెప్పు అన్నారు.

ఆవిడ పోయి రెండేళ్లు. ప్రతి సీజనుకీ షెడ్డుకి కొత్తవాళ్లు వస్తారు, పొడి ఇప్పుడు ఫోన్లోనే వచ్చి పడుతోంది. నడకలో నేను చెబుతూనే ఉంటాను, వాళ్లు నవ్వుతూనే ఉంటారు. అప్పుడు కోటేశ్వరమ్మ దారి పక్కన కూర్చుని చెప్పు విప్పుతుంది. నవ్వు ఆగుతుంది. కాసేపటికి ఎవరో ఒకతె నా పక్కకి చేరి, నేనూ ఒక పొడి తాగుతున్నానక్కా, మంచిదేనా అని మెల్లగా అడుగుతుంది.

"పొడి సంగతి తర్వాత. బిళ్లలు వేసుకుంటున్నావా లేదా?"

కసురుతావేంటక్కా అంటుంది. జవాబు చెప్పేదాకా దారికి అడ్డం నిలబడతాను.